నాట్లేసే నడుములు, నీ ల్యాబులో డిస్కులు

బిడ్డా,

నీ పరిశోధన గురించి నువ్వు రాసి పంపిన పేజీలు చదివాను. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉంది కదా, పెద్దవాళ్లలో దాని లోపలికి రక్తనాళాలు పోవట. పైనా కిందా ఉన్న పూసల నుంచి పలుచని పొర గుండా ఊరివచ్చే ఆహారంతోనే ఆ కణాలు బతుకుతాయట. ఇన్నేళ్లు ఏఎన్ఎంగా చేసినా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆక్సిజన్ సరిగా అందదు, ఆమ్లం పేరుకుంటుంది. మరి ఒకసారి చీలిన డిస్కు ఏం అతుక్కుంటుంది? ల్యాబులో పశువుల తోక డిస్కులను బతికించి ఉంచి, వాటి మీద బరువు పెట్టి చూస్తారన్న ముచ్చట మాత్రం నాయనమ్మకు చెప్పలేదు. చెబితే నువ్వొచ్చినప్పుడు వంటింట్లోకి రానివ్వదు.

ఒక్కచోట నాకు మనసొప్పలేదు. ఫిన్లాండ్‌లో ఒకే పోలికతో పుట్టిన 115 జతల మగ కవలలకు స్కానింగ్ తీస్తే, డిస్కు అరగడంలో చేసిన పనికన్నా పుట్టుక పాత్రే ఎక్కువని 1995లో తేలిందని రాశావు. అయ్యుండొచ్చు. కానీ అది డిస్కు అరుగుదల లెక్క, నొప్పి లెక్క కాదు. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కానింగ్ తీసినా డిస్కు ఉబ్బినట్టు కనిపించడం మామూలేనని నువ్వే అన్నావు కదా? మరి నడుం నొప్పి పని వల్ల కాదు, పుట్టుకతో వచ్చే జన్యువుల వల్ల అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎట్లా? వానాకాలం నాట్లప్పుడు మా సబ్ సెంటర్‌కు వచ్చే ఆడవాళ్లు పొద్దంతా బురదలో వంగి ఉండి వస్తారు. నొప్పి గోలీలు తీసుకుని, తెల్లారి మళ్లీ పొలానికి పోతారు. నీ పుట్టుకే అంత అని వాళ్లకు చెబితే సంబరపడేది గుత్తకు నాట్లేయించే ఆసామి ఒక్కడే.

ఇంకోటి. మన నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు చాలామంది ముసలివాళ్లు మెడ తిప్పలేక, నడుము నిలబెట్టలేక ఉన్నది డిస్కు వల్ల కాదు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల. ఎముకలు మందమై, పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలా గట్టిపడతాయి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నా, బిగుసుకున్న వెన్ను సాగదు. నువ్వు డిస్కులు చూస్తున్నావని ప్రతి నడుమునూ ఆ లెక్కలోనే వెయ్యకు.

మీ అత్తమ్మకు నడుం నుంచి పాదం దాకా గుంజుతోంది. డిస్కు జారిందన్నారు, ఆపరేషన్ అంటారేమోనని ఆమెకు ఒకటే టెన్షన్. జారిన ముక్కను చాలామందిలో ఒంట్లోని రక్షక కణాలే మెల్లగా కరిగిస్తాయని నేను చెబితే నమ్మడం లేదు, నువ్వు చెబితే నమ్ముతుంది. కాలిలో బలం తగ్గినా, మూత్రం ఆగినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పోవాలని మాత్రం గట్టిగా చెప్పాను. ఆదివారం ఫోన్ చెయ్యి, స్పీకర్ పెడతా.

అమ్మ