డెంగీ నేరమంతా మా పూలకుండీదేనా, మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారములు. నేను పెట్టుకున్న మూడు అర్జీలకు జవాబుగా తమ కార్యాలయం పంపిన కరపత్రం అందింది. శుక్రవారం డ్రై డే పాటించాలని, కుండీల్లో, కూలర్లలో నీరు నిలవకుండా చూడాలని అందులో ఉంది. పాటిస్తూనే ఉన్నాము. నేను అడిగినది మాత్రం అది కాదు.

గత వానాకాలంలో మా పిల్లలిద్దరికీ రెండు రోజుల తేడాతో డెంగీ సోకింది. ఒకే ఇల్లు, ఒకే మంచం, బహుశా ఒకే దోమ. పెద్దవాడు ఐదో రోజుకు లేచి పెరుగన్నం అడిగాడు. చిన్నదానికి సరిగ్గా ఐదో రోజున జ్వరం దిగింది. గండం గడిచిందని మేము అనుకున్న ఆ పూటే కాళ్ళూ చేతులూ చల్లబడి, రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారిపోయి, పిల్ల షాక్‌లోకి వెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత గాని ఐసీయూ నుంచి బయటికి రాలేదు. ఒక్కరికే ఇలా ఎందుకని అడిగితే "కొందరి ఒంటితత్వం అంతేనమ్మా" అన్నారు. ఆ "అంతే"లో ఏముందో వెతికించండి అన్నదే, అయ్యా, నా మూడు అర్జీల సారాంశం.

ఇది కేవలం తల్లి మనసులో పుట్టిన అనుమానం కాదు. వియత్నాంలో డెంగీ షాక్‌కు గురైన 2,008 మంది పిల్లల జన్యువులను మరో 2,018 మందితో పోల్చి, ఎంఐసీబీ, పీఎల్‌సీఈ1 అనే రెండు జన్యువుల దగ్గర తేడాలున్నాయని 2011లోనే ప్రకటించారు. వీటిలో మొదటిది, వైరస్ సోకిన కణాలను చంపే రక్షక కణాలను మేల్కొలిపే వ్యవస్థకు చెందినది. 1981లో క్యూబాలో కూడా రక్తస్రావపు డెంగీ నల్లవారిలో తెల్లవారికంటే తక్కువగా కనబడింది. రెండోసారి వేరే రకం వైరస్ సోకితే ప్రమాదం పెరుగుతుందన్నది నేనూ చదివాను. కానీ మా పిల్లల్లో ఎవరికి అది మొదటిసారో, ఎవరికి రెండోసారో చెప్పిన వారు కూడా లేరు.

తరతరాలుగా కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకునే దేశం మనది; అందుకే కొన్ని జన్యు తేడాలు కొన్ని కులాల్లో ఎక్కువగా కనబడతాయి. ఆపరేషన్లకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే ఒక మందు ప్రభావం వైశ్యుల్లో కొందరికి త్వరగా వదలదన్న సంగతి మన డాక్టర్లకు తెలియనిది కాదు. పదివేల మంది ఆరోగ్యవంతులైన భారతీయుల జన్యుక్రమాలు 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. పోల్చడానికి కావలసినవి సిద్ధంగా ఉండగా, పోల్చవలసిన రోగుల రక్తాన్ని మాత్రం డెంగీని నిర్ధారించే ఎలైజా పరీక్ష కాగానే పారబోస్తున్నారు. వార్డుకు వచ్చిన రోజున తమరు కెమెరాల ముందు "శాంపిళ్ళు భద్రపరుస్తాం, పరిశోధన చేయిస్తాం" అన్నారు. మా అమ్మాయి నెత్తురు అప్పటికే వ్యర్థాల సంచిలో పడిందని ఆ తర్వాత తెలిసింది.

డెంగీలో నాలుగు రకాలున్నాయి, మా పిల్లకు ఇంకా కనీసం రెండో మూడో మిగిలే ఉన్నాయి. తల్లిదండ్రుల అనుమతితో షాక్ కేసుల నమూనాలైనా దాచమని, పరిశోధనకు పంపమని, కనీసం కేసు షీటులో తోబుట్టువుల వివరం రాయమని వేడుకుంటున్నాను. వానలు మొదలయ్యాయి. కరపత్రం ఇంకొకటి పంపనక్కరలేదు.

ఇట్లు,
ఒక తల్లి