పోసిన నేల మీద నాన్న

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సత్తిబాబూ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. తిట్టాలనిపిస్తే మాత్రం మొత్తం చదివాకే తిట్టు. ఆస్ట్రేలియా నుంచి వచ్చామే గానీ ఇంకా నిద్రలు కుదుటపడలేదు. అక్కా బావా పిల్లలూ కులాసా. మీ అమ్మగారి మందులు సీతమ్మధారలో ఇచ్చేశాను, కాఫీ తాగందే కదలనివ్వలేదు. స్థలం రిజిస్ట్రేషన్ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు నా బుర్ర దాని మీద లేదు. నీకు ఒకటే విషయం చెప్పాలి. ఫోన్లో అయితే మధ్యలో ‘ఆగాగు’ అని నీ కథ మొదలెడతావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మా నాన్న మాట్లాడాడురా.

అవును, ఆయనే. మనం ‘గోడగడియారం’ అని పేరు పెట్టుకున్న మనిషి. సింగపూర్ చాంగి ఎయిర్‌పోర్టులో పొద్దున్న దిగింది మొదలు సాయంత్రం అక్క దగ్గరికి విమానం ఎక్కేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ గడియారం పేరు ఇక చెల్లదు, ఇంకోటి ఆలోచించు.

మొదట్నుంచీ చెప్తాను. వైజాగ్‌లో రాత్రి ఎక్కాం. మన ఎయిర్‌పోర్టు నీకు తెలిసిందే, నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగాలో ఓ పక్కన ఉంటుంది. కిటికీ సీటు నాన్నకిచ్చాను. తెల్లారేసరికి విమానం కిందికి దిగుతోంది, కింద సముద్రం నిండా ఓడలు. మన అవుటర్ హార్బర్ బయట లంగరేసి ఉండేవి వేళ్ళ మీద లెక్కపెడతాం చూడు, అక్కడ లెక్కకు అందవు. ఎటు చూసినా ఓడే. నాన్న ముఖం అద్దానికి ఆనించేశాడు. తరవాత తీరం కనిపించింది. చాలాసేపు చూసి, నా వైపు తిరక్కుండానే అన్నాడు:

“ఇది పుట్టిన నేల కాదురా. పోసిన నేల.”

ఎలా తెలిసిందన్నాను. “తీరం చూడు, ఎక్కడా వంకర లేదు. సముద్రం తిన్నగా గీత గీయదు” అన్నాడు. అంతే, మళ్ళీ మౌనం. నేనూ వదిలేశాను, దిగే హడావిడిలో సంచులు చూసుకోవాలి కదా.

సాయంత్రం దాకా టైముంది. మేం ట్రాన్సిట్ దాటి బయటికెళ్ళలేదు. కానీ లోపల ఉన్నదే ఓ ఊరు. ఫ్రీ సినిమా హాలు, ఫ్రీగా కాళ్ళు పట్టే కుర్చీలు, మూడో టెర్మినల్లో సీతాకోకచిలుకల తోట, రెండో దాని మిద్దె మీద పొద్దుతిరుగుడు పువ్వులు, ఒకటో దాంట్లో కేక్టస్ తోట. అన్నీ తిప్పాను. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు, ‘బాగుంది’ అన్నాడు, అయిపోయింది. ఆయనకు నచ్చింది ఏమిటో తెలుసా? బాత్రూమ్ గుమ్మం దగ్గర ఒక స్క్రీన్ ఉంటుంది, ఆ పూట శుభ్రం చేస్తున్న మనిషి ఫొటోతో. ఎలా ఉందో చెప్పమని కింద ముఖాల బొమ్మలు. నాన్న బాగా నవ్వే ముఖం నొక్కి, ఆ ఫొటోలో ఆవిడ కనిపించేదాకా అక్కడే నిలబడి, కనిపించాక దండం పెట్టొచ్చాడు. ఆవిడ తమిళంలో ఏదో అంది. నాన్నకు అర్థమైనట్టే తల ఊపాడు.

జలపాతం ఒకటుంది కదా, జ్యువెల్ అని గాజు గోపురంలో? ఒకటో టెర్మినల్ కార్ పార్కింగ్ ఉన్న చోట కట్టి 2019లో తెరిచారు. నలభై మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు పడతాయి, భవనం లోపల ఇంత పెద్దది ప్రపంచంలో ఇంకోటి లేదు. అది ట్రాన్సిట్ బయట ఉంటుంది గానీ, రెండు నుంచి మూడో టెర్మినల్‌కి పోయే స్కైట్రైన్ దాని పక్క నుంచే వెళుతుంది. టికెట్ లేదు, ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. నాన్నని కూర్చోబెట్టి తీసుకెళ్ళాను. చెట్లున్నాయి, గాజు ఉంది, నీళ్ళు లేవు. పొద్దున్నే వదలరట, పదీ పదకొండు దాటాలి. నా మనసు ఉసూరుమంది. నాన్న మాత్రం మొదటిసారి కళ్ళు పెద్దవి చేశాడు. “పంపులెక్కడున్నాయో? ఆ నీళ్ళు మళ్ళీ పైకి తోడాలి కదా?” చదివి చెప్పాను: వాన నీళ్ళే పట్టి తిప్పుతారట, జోరుగా వదిలినప్పుడు నిమిషానికి 38 వేల లీటర్ల దాకా. “ఊఁ” అన్నాడు. ఆ ‘ఊఁ’ మామూలు ఊఁ కాదు.

సరే ఫోను చేతిలోనే ఉంది కదాని విమానంలో ఆయనన్న మాట వెతికాను. ఒరేయ్, అక్షరాలా నిజం!

వాళ్ళకు 1955 నుంచీ పాయ లేబార్ అనే చోట ఎయిర్‌పోర్టు ఉండేది. ఊరు పెరిగి చుట్టూ కమ్మేసింది. అక్కడే రెండో రన్‌వే వేసుకోమని బ్రిటిష్ నిపుణులు సలహా ఇచ్చారు. ప్రధాని లీ క్వాన్ యూ మాత్రం బోస్టన్‌లో విమానాలు నీళ్ళ మీదుగా వచ్చి దిగడం చూసి, చప్పుడు ఊరి మీద కాక సముద్రం మీద పడాలని పట్టుబట్టాడు. 1975లో చాంగి అని తేల్చారు. అక్కడ ఓ పాత రన్‌వే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు యుద్ధ ఖైదీల చేత వేయించింది. ఆ ఖైదీల సంగతి చదివినప్పుడు నాన్న కాసేపు నేల వైపే చూస్తూ ఉండిపోయాడు. నేనూ ఆపేశాను. అంత మెరిసే చోట కూర్చుని అలాంటిది చదవడం… సరే.

తరవాత అంకెలు చదివాను. సుమారు 870 హెక్టార్ల నేల సముద్రంలోంచి తెచ్చుకున్నారు. అడుగు నుంచి తోడిన ఇసుకే నాలుగు కోట్ల ఘనపు మీటర్లు.

“మళ్ళీ చదువు.”

“నాలుగు కోట్లు నాన్నా.”

జేబులోంచి పెన్ను తీశాడు. నా కాఫీ కింద ఉన్న టిష్యూ లాక్కున్నాడు. “మా హాపర్ 4,500 ఘనపు మీటర్లు పట్టేది” అని భాగించడం మొదలెట్టాడు. హాపర్ అంటే ఆయన పనిచేసిన డ్రెడ్జర్‌లో, అదే నీటి అడుగు తవ్వే ఓడలో, ఇసుక నింపుకునే తొట్టి. మన లెక్కల మాస్టారు చూసుంటే గొడుగు కింద పడేసేవారు. “దగ్గర దగ్గర తొమ్మిది వేల ట్రిప్పులు. ఒక్క డ్రెడ్జర్‌తో అయ్యే పని కాదు” అన్నాడు. కళ్ళలో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదురా.

అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. డ్రెడ్జర్ పక్క నుంచి పైపు దించి, దాని చివర డ్రాగ్ హెడ్‌ని, అంటే పీల్చే మూతిని, అడుగున ఈడ్చుకుంటూ ఇసుకా నీళ్ళూ కలిపి ఎలా పీలుస్తారో, హాపర్‌లో ఇసుక అడుక్కి దిగి పై నీళ్ళు ఎలా పొర్లి పోతాయో, నిండాక ఒడ్డుకొచ్చి పైప్‌లైన్ తగిలించి ఎలా చిమ్ముతారో టిష్యూ మీద బొమ్మ వేశాడు. “పోయడం గొప్ప కాదురా, నిలబెట్టడం గొప్ప. అడుగున మెత్తటి బంకమన్ను ఉంటే పైన ఎంత పోసినా ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. గుడ్డలో కట్టిన పెరుగు మీద బరువు పెట్టి నీరు కార్చినట్టు, ఆ మన్నులో నీళ్ళు పిండాలి. నిలువునా సన్నటి పట్టీలు దింపి నీటికి దారి చేస్తారు, పైన అదనంగా ఇసుక గుట్టలు పోసి బరువు పెడతారు, కుంగేదంతా ముందే కుంగనిస్తారు. అప్పుడు రన్‌వే. తొందరపడితే పగుళ్ళే.” పక్క టేబుల్ దగ్గర ఒక చైనా ముసలాయన తన బిస్కెట్ మానేసి మా టిష్యూ వైపే చూస్తున్నాడు. భాష రాకపోయినా ఆయనకు ఆ బొమ్మ అర్థమైందనే నా నమ్మకం.

1981 జూలై 1న మొదటి టెర్మినల్ మొదలైందని చదివాను. మన వైజాగ్‌లో మామూలు జనానికి విమానాలు మొదలైందీ ఆ ఏడాదే. నాన్న తలెత్తి, “అప్పుడు నేను హల్దియాలో ఉన్నాను” అన్నాడు.

హల్దియా. నీకు గుర్తుందా, ఆ మాట మన చిన్నప్పుడు మా ఇంట్లో ఎలా వినబడేదో. ‘మీ నాన్నేడిరా?’ ‘హల్దియా.’ నాకు అది ఊరు కాదు, నాన్న లేకపోవడానికి పేరు. మనియార్డరు ఫారమ్ మీద ముద్ర. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫీసు ఉన్నది మన ఊళ్ళోనే అయినా ఆయన నెలల తరబడి అక్కడ హుగ్లీ నదిలో ఉండేవాడు. ఏం చేసేవాడో నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ రోజు చెప్పాడు. ఏం చెప్పాడో విను, ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

“హుగ్లీ ఒండ్రు తెస్తూనే ఉంటుంది. మేం తవ్వినచోటే మళ్ళీ పూడేది. ఓడ రావాలంటే మళ్ళీ తవ్వాలి. అలా ఎన్నేళ్ళో. రిటైరయ్యాక తిరిగి చూసుకుంటే ఇదిగో నేను చేసింది అని వేలుపెట్టి చూపించడానికి ఏదీ లేదు. నీళ్ళే ఉంటాయి. ఇక్కడ చూడు. మావాళ్ళలాంటోళ్ళే ఎవరో పోశారు. దాని మీద ఇంతమంది నడుస్తున్నారు.”

సత్తీ, నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఇన్నాళ్ళూ ఆయనకు మాట్లాడే అలవాటు లేదనుకున్నాం. నువ్వు తవ్వావు కాబట్టే ఓడలొచ్చాయి నాన్నా అన్నాను. వినిపించుకోలేదు. వినిపించుకున్నాడేమో, మాట మార్చాడు. “ఆర్కే బీచ్‌లో ఇసుక ఎవరు పోస్తున్నారనుకున్నావు?” అన్నాడు.

ఇది నీకూ చెప్పాలి. మన తీరంలో కెరటాలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయట. అవుటర్ హార్బర్ గోడలు అడ్డం రావడంతో అది ఇటు రాదు, బీచ్ కోతపడుతుంది. అందుకే హార్బర్ దక్షిణాన ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు చిమ్ముతారు. చిన్నప్పుడు బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ దగ్గర మనం చెప్పులు పోగొట్టుకుని మరీ చూసిన ఆ నల్లనీళ్ళ పైపు! నువ్వు దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను, నాన్న ఈ ఉత్తరం చూసేలా ఉన్నాడు.

పదకొండు దాటాక మళ్ళీ స్కైట్రైన్ ఎక్కాం. ఈసారి నీళ్ళు పడుతున్నాయి. రైలు దాని పక్క నుంచి పోయేది కొన్ని క్షణాలే. నాన్న లేచి నిలబడి కమ్మీ పట్టుకుని పైకి కాదు, కిందికి చూశాడు, నీళ్ళు ఎక్కడికి పోతున్నాయోనని. దిగి ఇంకోసారి ఎక్కుదామన్నాడు. ఎక్కాం. మళ్ళీ ఎక్కాం. ఆయన చాలన్నదాకా తిరిగాం.

సాయంత్రం టేకాఫ్‌లో కూడా కిటికీ సీటు ఆయనదే. తూర్పు పక్కన అయిదో టెర్మినల్ కడుతున్నారు, 2025 మేలో పని మొదలెట్టారు. అదొక్కటే ఏడాదికి అయిదు కోట్ల మందికి సరిపోయేంత. అదీ సముద్రం నుంచి తెచ్చుకున్న నేలే. ఆ మాట చెప్పగానే నా ఒళ్ళో నుంచి వంగి మరీ… అటు పక్క కనబడలేదు, రెక్క అడ్డొచ్చింది. తిరుగు ప్రయాణంలో ఏ వైపు కూర్చోవాలో ఎయిర్‌హోస్టెస్‌ని నాతో అడిగించాడు.

ఆ టిష్యూ నా దగ్గరే ఉంది. నీకు జిరాక్స్ పంపిద్దామనుకున్నాను గానీ కాఫీ మరక మీద అంకెలు సరిగ్గా రావట్లేదు. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు రన్‌వే 3,800 మీటర్లని పేపర్లో చూసి నిన్నంతా ఆ నేల ఎలాంటిదో, నీరు ఎటు పోతుందో అడుగుతున్నాడు. నాకేం తెలుసు! నువ్వు సివిల్ చదివావు కదా, రాయి. నాకు కాదు, ఆయనకే రాయి, పేరు పెట్టి. ఉత్తరం వస్తే ఎంత…

గుమ్మంలో నిలబడి హెల్మెట్‌తో తలుపు కొడుతున్నాడు. కోస్టల్ బ్యాటరీ దగ్గర పైపు ఎక్కడ తగిలించేవారో చూపిస్తాడట, ఎండెక్కకముందే వెళ్ళాలట. బండి తాళం కూడా ఆయన దగ్గరే ఉంది. ఇంకా అక్క ఊరి సంగతులేవీ రాయనే లేదు, వచ్చే ఉత్త

వస్తున్నా నాన్నా అంటే వినడే. ఉంటానురా.

నీ
రమణ