మీవాడి ఐటీఐ సంగతి

కావలి,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

నిన్న మీ అబ్బాయిని ఐటీఐలో చేర్చాలా వద్దా అని నువ్వు అంతసేపు అడుగుతుంటే "చూద్దాంలేరా" అని ఫోన్ పెట్టేశానని కోపం తెచ్చుకోకు. అప్పుడు రొయ్యల చెరువాయన ఒకడు కాలిపోయిన 5 హెచ్‌పీ మోటారు ఆటోలోంచి దించి నా నెత్తి మీద నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నా మోటారు రివైండింగ్ కొట్టు షట్టరేసి ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని తీరిగ్గా కూర్చున్నా.

ప్రైవేటు ఐటీఐ వాళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి రెండేళ్లకు కలిపి 60 వేలు అడిగారని నీ బాధ. ఫీజు ఒక్కటే ఖర్చనుకోకురా. ఇవాళ మీవాణ్ణి నా దగ్గర హెల్పర్‌గా పెట్టుకుంటే రోజుకు 400 ఇస్తా. నెలకు 25 రోజులు లెక్కేసుకో, 10 వేలు. రెండేళ్లకు 2,40,000. కాలేజీకి పంపితే అదీ వదులుకున్నట్టే. బస్సు, బూట్లు, ప్లయర్, మల్టీమీటర్ వేరే. మొత్తం 3 లక్షల పైమాటే. అంత పెట్టాక వాడి చేతికి ఏమొస్తుందో అది చూడాలి.

నా చదువు సంగతి నీకు తెలిసిందేగా. నేను చేరిన చోట రెండేళ్లలో మోటారు మూత విప్పింది నాలుగుసార్లు. తీగ ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ బీరువాలో ఉండేది, బీరువా తాళం ప్రిన్సిపాల్ జేబులో ఉండేది. రికార్డులు మాత్రం స్కేలు పెట్టి ముత్యాల్లా గీశాం. సర్టిఫికెట్ పట్టుకుని మేస్త్రి దగ్గర చేరితే ఏమైందో తెలుసా? మొదటి రివైండింగ్‌లో, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టే పనిలో, పాత కాయిల్ విప్పుతూ చుట్లు లెక్కపెట్టమన్నాడు. మాటల్లో పడి తప్పాను. 48 ఉండాల్సింది 42 చుట్టాను. చుట్లు తగ్గడంతో లోడు లేకుండానే, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో ఆంపియర్లు ఎక్కువ చూపిస్తున్నా అదేందో నాకు అర్థం కాలేదు. చుట్టిన తీగకి వార్నిష్ కొట్టి పంపించా. మూడో రోజు మళ్లీ వచ్చింది, మాడు వాసనతో. మేస్త్రి ఒక్క మాట అనలేదు గానీ రాగి తీగ డబ్బులు నా జీతంలో కోశాడు.

అట్టాగని కాలేజీ దండగని కాదు. మేస్త్రి చెయ్యి నేర్పాడు గానీ ఎందుకో చెప్పలేదు. పెద్ద మోటారుకి స్టార్ డెల్టా స్టార్టర్ ఎందుకు పెడతారు, ఒక ఫేజు పోతే మోటారు ఎందుకు కాలుతుంది, చెరువు గట్టు మీద స్టార్టర్ పెట్టెకి ఎర్తింగ్ లేకపోతే తడిచేత్తో ముట్టుకున్నవాడికి ఏమవుతుంది... ఇవి పుస్తకమూ పనీ కలిపి చెప్పేవాడుంటేనే ఎక్కుతాయి. మా పనిలో తెలియక చేస్తే ప్రాణమే పోతుంది.

అందుకని ఆఫీసు గదిలో బ్రోచర్లు చూసి డబ్బు కట్టి రావొద్దు. క్లాసులున్న రోజు వర్క్‌షాపులోకి వెళ్లు. స్టార్టర్ బోర్డు స్క్రూల గాడి చూడు. అరిగిపోయి ఉంటే పిల్లలు విప్పి బిగిస్తున్నట్టు. కొత్తగా తళతళలాడుతుంటే వెంటనే బయటికొచ్చెయ్. వార్నిష్ వాసన రాని వైండింగ్ సెక్షన్ నాకెందుకో నచ్చదు. ఆ సర్టిఫికెట్‌కి కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందా అని కూడా అడుగు. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ప్రభుత్వ ఐటీఐలున్నాయి, ముందు అక్కడ దరఖాస్తు పెట్టించు. ఫీజు భారం ఉండదు, మీవాడి మార్కులకి సీటు రావచ్చు.

రాబడి మొదట్లో తక్కువేరా, దాయడం ఎందుకు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌కి వెళ్లాలి. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాడికి నెలకు స్టైపెండ్ కనీసం 7,700 అని పెట్టారు, మన హెల్పర్ కూలీ కంటే తక్కువ! అయినా ఆ ఏడాది వదలొద్దు. నేలటూరు థర్మల్ ప్లాంటులో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. కృష్ణపట్నం పోర్టు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అట్టాంటి చోట ప్యానెల్ బోర్డు ముందు నిలబడే అవకాశం నా కొట్లో యాడ దొరుకుతుంది? రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి పదో తరగతితో పాటు ఈ ట్రేడ్ చాలు, మూలవేతనం 19,900. 2019లో గ్రామ సచివాలయాల్లో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు కూడా ఇదే అర్హత, స్తంభం ఎక్కే పరీక్షతో సహా. అయితే నోటిఫికేషన్ కోసం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవద్దని చెప్పు. పని చేసుకుంటూనే రాయాలి.

చెల్లెమ్మకి ఇంజినీరు అన్న మాట మీద మోజుందని తెలుసు. అయితే పాలిటెక్నిక్ డిప్లొమాకి పాలీసెట్ రాయించు, అది మూడేళ్లు, తర్వాత ఈసెట్ పరీక్షతో బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. కాకపోతే వాడికి కూర్చుని చదవడం ఇష్టమా, విప్పి చూడడం ఇష్టమా? పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో మిక్సీ విప్పి పరిచాడుగా, నువ్వు తిట్టావు. నేనైతే మళ్లీ బిగించాడా లేదా అని చూశా. బిగించాడు. ఒక స్క్రూ మిగిలిందనుకో.

ఈ పనిలో ఇంకో ఖర్చుంది, నిద్ర. రాత్రి రెండింటికి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగాయని ఫోనొస్తే లేవాల్సిందే. తెల్లారేదాకా ఆగితే రొయ్య తేలిపోతుంది. మొన్న అట్టా వెళ్లి ఫ్యూజు క్యారియర్ మార్చి 1,500 తెచ్చా. మీ అక్క మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

బుధవారం వాణ్ణి తీసుకుని కందుకూరు నుంచి పొద్దున్నే బయల్దేరు, కలిసి నెల్లూరు వెళ్లొద్దాం. చెప్పులతో కాదు, బూట్లేసుకుని రమ్మను. ఆ చెరువాయన మోటారు ఇంకా విప్పలేదు. సాయంత్రం తిరిగొచ్చాక వాడి చేతే చుట్లు లెక్కపెట్టిస్తా.

నీ
కావలోడు