తుపాకిదేముందిరా, అంతా తూటాలోనే ఉంది

డెన్వర్

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నావు, సంతోషం. ఇక్కడ అందరం కులాసా. కాబట్టి క్షేమ సమాచారాలు అయిపోయినట్టే. నువ్వు పేజీలకి పేజీలు రాసిన ఆ కోల్ట్ రివాల్వర్ పురాణం సంగతి తేల్చుకుందాం.

కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టుకున్న రోజుల నుంచీ నీకదే పిచ్చి. నడుముకి పిస్తోలు, నడివీధి, ఎదురుగా ఒకడు, ధన్‌మని ఒక్క మోత. అమెరికా పడమటి సీమని జయించింది కోల్టేనని తీర్పు కూడా ఇచ్చేశావు. నా మాట వేరు. తుపాకుల పేర్లు మనకి కంఠతా వచ్చు గానీ, ఆ కాలాన్ని తిప్పేసింది మందూ గుండూ లోపలే ఇమిడిన, రాగితోనో ఇత్తడితోనో చేసిన చిటికెన వేలంత తూటా. కాస్త ఓపిక పట్టి చదువు.

నీ కోల్ట్‌తోనే మొదలెడతాను. శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంట్ పుచ్చుకుని న్యూజెర్సీలో పేటర్సన్ అనే ఊళ్ళో ఐదు గుళ్ళ రివాల్వర్లు చేయించాడు. కొనే నాథుడు లేక 1842కల్లా కంపెనీ మూతపడింది. మళ్ళీ లేపి నిలబెట్టింది టెక్సస్ సరిహద్దుల్ని కాసే రేంజర్లు. అప్పటిదాకా అక్కడి కొమాంచీ తెగ రౌతులతో తలపడటమంటే వాళ్ళకి ప్రాణగండమే. ఒక్క గుండు పేల్చి మళ్ళీ మందు దట్టించేలోపు కొమాంచీ వీరుడు పరిగెత్తే గుర్రం మీంచే బాణం మీద బాణం వేసేవాడు. 1844లో వాకర్స్ క్రీక్ దగ్గర జాక్ హేస్ మనుషులు ఈ రివాల్వర్లతో తిరగబడేసరికి లెక్క మారిపోయింది. ఆ పోరులో ఉన్న శామ్యూల్ వాకర్ సలహాలతో 1847లో కోల్ట్ ఇంకా పెద్దది చేశాడు. ఆరు గుళ్ళు, 2 కిలోలు దాటిన బరువు. నడుముకి కట్టుకుంటే ప్యాంటు జారిపోతుంది, అందుకే జీనుకి తగిలించుకునేవాళ్ళు. తమాషా ఏమిటంటే కోల్ట్‌కి అప్పటికి సొంత కార్ఖానా కూడా లేదు, ఎలీ విట్నీ కొడుకు కార్ఖానాలో చేయించాడు. పాపం, వాకర్ ఆ ఏడాదే మెక్సికో యుద్ధంలో పోయాడు.

వీటిల్లో తూటా అనేదే లేదని నీ సినిమాలు చెప్పవు. తుపాకి గురిలో పేరుమోసిన వైల్డ్ బిల్ హికాక్ జతగా పెట్టుకుని తిరిగిన 1851 నేవీ కోల్ట్ తీసుకో. దాన్ని నింపడం చూస్తే నీ మోజు సగం దిగిపోతుంది. సిలిండర్‌లో ఒక్కో గదిలోకి ముందు వైపు నుంచి మందు పోయాలి. పైన సీసపు గుండు పెట్టి, గొట్టం కింది మీటతో గట్టిగా అదమాలి. ఒక గది మంట పక్క గదికి అంటుకోకుండా పైన కొవ్వు పూయాలి. ఆరూ అయ్యాక వెనకవైపు పొడుచుకొచ్చిన చిన్న ముక్కుల మీద గోరంత రాగి టోపీలు తొడగాలి. చెయ్యి వణికితే టోపీ గడ్డిలో పడుతుంది. ఇక వెతుక్కో. మందుకి తడి తగిలితే టప్‌మని ఊరుకుంటుంది. మన ఏజెన్సీ ఊళ్ళలో నాటు తుపాకి దట్టించడం ఎంత తతంగమో తెలుసుగా, ఇది అలాంటివి ఆరు. రెండేసి పిస్తోళ్ళు పెట్టుకున్నది సోకు కోసం కాదురా, మధ్యలో నింపుకునే తీరిక ఉండదని.

మందూ, గుండూ, నిప్పు రాజేసే రసాయనం మూడూ ఒకే లోహపు గొట్టంలో పెట్టి వెనక నుంచి దూర్చవచ్చని 1850లలోనే తెలుసు. మరి కోల్ట్ ఎందుకు చెయ్యలేదు? పేటెంటు అడ్డం! రోలిన్ వైట్ అని, కోల్ట్ దగ్గర పనిచేసినవాడే, సిలిండర్‌కి ఈ కొస నుంచి ఆ కొస దాకా రంధ్రం తొలిచే పద్ధతిని 1855లో తన పేర రాయించుకున్నాడు. ఆ హక్కుని స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు రివాల్వర్‌కి 25 సెంట్ల లెక్కన తీసుకున్నారు. ఒప్పందంలో మెలిక ఏమిటంటే, ఎవడైనా కాపీ కొడితే కోర్టు ఖర్చులు వైట్‌వే. అంతర్యుద్ధం రోజుల్లో కాపీరాయుళ్ళకి కొదవా? రాయల్టీగా వచ్చిందాంట్లో బోలెడంత వకీళ్ళ జేబుల్లోకి పోయింది. 1869లో గడువు తీరింది. వైట్ పొడిగింపు కోసం బిల్లు దాకా తెచ్చుకున్నాడు, 1870లో ప్రెసిడెంట్ గ్రాంట్ వీటో కొట్టేశాడు. ఇంతకీ శామ్యూల్ కోల్ట్ 1862లోనే పోయాడు. నువ్వు పటం కట్టి పూజించే, తూటాలతో పేలే 1873 పీస్‌మేకర్ రివాల్వర్‌ని ఆయన కంటితో చూడనే లేదు!

పీస్‌మేకర్ మంచి తుపాకే, కాదనను. ఆరు గదులున్నా తెలిసినవాడు ఐదే నింపి, తూటాని కొట్టి పేల్చే హామర్ కింద గది ఖాళీగా ఉంచేవాడు. హామర్ మొన తిన్నగా తూటా మీదే ఆనుకుని ఉంటుంది మరి, దెబ్బ తగిలితే అంతే. 1876 జనవరిలో విచిటా ఊళ్ళో పోలీసుగా ఉన్న వయట్ ఎర్ప్ అంతటివాడు కుర్చీలో కూర్చుని ఉండగా రివాల్వర్ ఒరలోంచి జారి, హామర్ కుర్చీకి తగిలి పేలింది. గుండు ఆయన కోటులోంచి దూరి, గోడకి తగిలి, పైకప్పులోంచి బయటికి పోయిందని ఊరి పత్రిక రాసింది. ఏ సినిమావాడైనా ఈ సీను తీశాడా? 1881లో టూంబ్‌స్టోన్‌లో ఇదే ఎర్ప్ అన్నదమ్ములు చేసిన జగత్ప్రసిద్ధ కాల్పులు కూడా అర నిమిషంలో అయిపోయాయి. అవతలివాళ్ళు ఊళ్ళో ఆయుధాలు పట్టుకు తిరగకూడదన్న మునిసిపల్ రూలు మీరడమే అప్పటికి సాకు. నువ్వనుకునేంత స్వేచ్ఛా రాజ్యం కాదది.

ఇక రైఫిళ్ళకి వద్దాం, అసలు కథ ఇక్కడే. ఆలివర్ వించెస్టర్ చొక్కాలు కుట్టించి అమ్ముకునే వ్యాపారి. ఆయన దగ్గర పనిచేసే తుపాకుల మిస్త్రీ బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో రాగి తూటాకి తగ్గట్టు రైఫిల్ తయారుచేశాడు. ట్రిగ్గర్ కింది మీట కిందికి లాగితే ఖాళీ తూటా ఎగిరిపడి కొత్తది పైకొస్తుంది, మీట మూస్తే గొట్టంలోకి వెళ్ళి కూర్చుంటుంది. నింపితే 16 సార్లు ఆగకుండా పేలుతుంది. లోపం లేకపోలేదు. గొట్టం కింద తెరిచి ఉన్న చీలికలోకి మట్టి పోయేది, కాలిన గొట్టాన్ని పట్టుకోవడానికి చెక్క ఉండేది కాదు. 1866 మోడల్లో పక్కన తలుపు పెట్టి ఆ బాధ తీర్చారు. ఆ తర్వాతది 1873 వించెస్టర్, .44-40 అనే రకం తూటాతో. కొన్నేళ్ళకి కోల్ట్ కంపెనీ కూడా అదే తూటా పట్టే పీస్‌మేకర్ చేసింది. అర్థమైందా? నడుముకి ఒకటే పట్టీ, కొట్లో ఒకటే పెట్టె, రైఫిల్‌కీ పిస్తోలుకీ అదే. నీ కోల్ట్ ఆఖరికి వించెస్టర్ తూటా కింద చేరింది!

నాకు అన్నిటికన్నా నచ్చిన వించెస్టర్ ఎవర్నీ చంపినట్టు తెలిసినది కాదు. 2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ పార్కులో పురావస్తువాళ్ళు తిరుగుతుంటే జునిపర్ చెట్టుకి ఆనించిన రైఫిల్ ఒకటి కనబడింది. ఎవడో అలా ఆనించి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క, అడుగు మట్టిలో కూరుకుపోయి, చెక్క పగుళ్ళిచ్చి, చెట్టు బెరడు రంగులో కలిసిపోయింది. నంబరు చూస్తే 1882లో తయారైంది. వయోమింగ్‌లో కోడీ అనే ఊళ్ళో మ్యూజియంకి పంపితే, వాళ్ళు అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించారు, పేషెంట్ పేరు రైఫిల్ అని రాయించి! గొట్టంలో ఏమీ లేదు గానీ మడమలోని చిన్న అరలో ఒక్క తూటా దొరికింది. ఆ ఎక్స్‌రే గది మనిషి మొహం ఎలా ఉండి ఉంటుందో అనుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

షార్ప్స్ రైఫిల్ గురించి అడిగావు. ఒక్కసారికి ఒక్క తూటానే, కానీ పెద్దది, చాలా దూరం పోతుంది. 1874లో టెక్సస్‌లో అడోబ్ వాల్స్ అనే చోట బిల్లీ డిక్సన్ అనే వేటగాడు దాదాపు 1,400 మీటర్ల దూరంలో ఉన్న రౌతుని పడగొట్టాడని చెప్తారు. అదృష్టం కొద్దీ తగిలిందని డిక్సనే ఒప్పుకున్నాడు. ఆ తుపాకి అసలు పని బైసన్ల, అంటే అక్కడి అడవిదున్నల, వేట. దూరంగా కూర్చుని, కర్రల మీద గొట్టం ఆనించి, ముందు దారి చూపే ఆవుని కొడితే మిగతావి ఎటు పోవాలో తెలీక అక్కడే నిలబడిపోయేవి. వేటగాళ్ళు రాత్రుళ్ళు మంట దగ్గర సీసం కరిగించి, ఖాళీ తూటాలు మళ్ళీ నింపుకునేవాళ్ళు. తోళ్ళు తూర్పున కార్ఖానాల యంత్రాలకి బెల్టులుగా పోయేవి. లక్షల్లో ఉన్న మంద ఇరవై ఏళ్ళు తిరక్కుండా వందల్లోకి వచ్చింది, మైదానాల తెగలకి తిండే పోయింది. దీన్ని నీలాగా ఈల వేసి మెచ్చుకోవడం నావల్ల కాదు.

చివరగా లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం. 1876 జూన్ 25. అమెరికా సైన్యాధికారి కస్టర్ సైనికుల చేతుల్లో ఒక్కో తూటా పెట్టి పేల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు (పొట్టి రైఫిళ్ళు), ఎదుట లకోటా, షయాన్ తెగల వీరుల్లో విల్లంబులతో పాటు హెన్రీలూ వించెస్టర్లూ. కస్టర్ వెంట ఉన్న దళంలో ఒక్కడూ మిగల్లేదు. రాగి తూటాలు వేడెక్కి ఇరుక్కుపోబట్టే ఓడారని చాన్నాళ్ళు చెప్పుకున్నారు. 1983లో గడ్డి తగలబడి నేల బయటపడింది. మరుసటేడు లోహం పసిగట్టే యంత్రాలతో తవ్వకాలు చేశారు. పేలినప్పుడు తూటా అడుగున పడే గుర్తు ఏ తుపాకిది దానికే ప్రత్యేకం, కాబట్టి ఒకే తుపాకి ఆ గుట్టల మీద ఎక్కడెక్కడ పేలుతూ కదిలిందో పటం గీయగలిగారు. ఇరుక్కున్న గీతలున్న తూటాలు మాత్రం చాలా తక్కువ. చుట్టుముట్టినవాళ్ళ సంఖ్యా, దగ్గర్నుంచి వాళ్ళు పేల్చిన వేగమే కస్టర్‌ని ముంచాయన్నమాట. నీ కోల్ట్‌లు ఆ రోజు ప్రతి సైనికుడి నడుముకీ ఉన్నాయి, సుబ్బూ. ఏం ఒరిగింది?

వచ్చే ఏడు రావాలనుకుంటున్నావుగా, ఎల్లోస్టోన్ ఎలాగూ చూస్తావు. కోడీ దాని తూర్పు గేటు నుంచి గంట దారే. ఆ గేటు చలికాలం అంతా మూసేస్తారు, అందుకని జూన్ దాటాకే టికెట్ తీసుకో. ఉసిరికాయ పచ్చడి మాత్రం మర్చిపోకు.

నీ
రవి