శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర, దాని వెనక ఉన్న మనుషులు

2025 మార్చి 21, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు మెయిల్ వచ్చింది. అమెరికాలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. అక్కడ డాక్టర్లకు స్పెషలిస్టు శిక్షణ సీట్లు, అభ్యర్థులూ ఆసుపత్రి ప్రోగ్రాంలూ ఇచ్చిన ఇష్టాల వరుసలను జత చేసి ఇస్తారు, దాన్నే మ్యాచ్ అంటారు. మ్యాచ్ అయ్యానని సోమవారమే తెలిసింది కానీ, ఎక్కడ అన్నది శుక్రవారం దాకా చెప్పరు. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. తెరిచే ధైర్యం చాలక ఫోను తమ్ముడి చేతిలో పెట్టాను. వాడు చదివాడు. నేను మొదటి స్థానంలో పెట్టుకున్న ప్రోగ్రామే. అమ్మ ఏమీ మాట్లాడకుండా దేవుడి పటాల దగ్గరికి వెళ్లి కూర్చుంది. బాపు "మళ్లొకసారి చదువురా" అన్నాడు. వాడు మళ్లీ చదివాడు.

నాకు సీటు వచ్చింది చైల్డ్ న్యూరాలజీలో. పిల్లల మెదడు, నరాలు, కండరాల జబ్బులు చూసే వైద్యం. ఐదేళ్ల శిక్షణ: మొదటి రెండేళ్లు పిల్లల వైద్యం, తర్వాత మూడేళ్లు న్యూరాలజీ, ఆ మూడింటిలో ఒక ఏడాది పెద్దవాళ్ల న్యూరాలజీ. అమెరికాలో పీడియాట్రిక్స్‌కు ఏడాదికి మూడు వేల దాకా సీట్లుంటే దీనికి ఉండేవి సుమారు రెండు వందలు. హుజూరాబాద్ పక్క ఊరి ఆర్టీసీ కండక్టర్ కూతురు తనంతట తాను ఇంత దూరం రాలేదు. నన్ను ఎవరెవరు తీసుకొచ్చారో అందరి ముందూ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని కొందరు అడిగారు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలుస్తుంది.

ముందు నిరుటి సంగతి చెప్పాలి. 2024 మార్చిలో ఆ సోమవారం మెయిల్ నాకు మ్యాచ్ కాలేదని చెప్పింది. పరీక్షల్లో లోటేమీ లేదు. అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కు స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే పెట్టిన ఏడాది, 2022లో, రాసి పాసయ్యాను. తర్వాతిది, స్టెప్ 2 సీకేలో మంచి స్కోరే వచ్చింది. ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష కూడా అయిపోయింది. దరఖాస్తు మాత్రం భయంతో ఒక కన్సల్టెన్సీకి అప్పగించాను. బాపు ఎల్‌ఐసీ పాలసీ మీద లోను తీసి కట్టిన డబ్బు అది. దరఖాస్తుతో పాటు అభ్యర్థి తన గురించి తానే రాసుకోవాల్సిన వ్యాసం పర్సనల్ స్టేట్‌మెంట్. వాళ్లు రాసిచ్చిన పర్సనల్ స్టేట్‌మెంట్‌లో నా పేరు తప్ప నాది అన్న మాట ఒక్కటీ లేదు. పీడియాట్రిక్స్, న్యూరాలజీ, చైల్డ్ న్యూరాలజీ మూడింటికీ అదే కాగితం వెళ్లింది. వచ్చిన ఇంటర్వ్యూలు రెండే. సంతకం నాది కాబట్టి తప్పు కూడా నాదే అని ఇప్పుడు అనుకుంటాను. ఆ రోజు మాత్రం గది తలుపు వేసుకుని రెండు రోజులు బయటికి రాలేదు.

మూడో రోజు, కాకతీయ మెడికల్ కాలేజీలో నాకంటే పన్నెండేళ్లు సీనియర్ అయిన ఒక అక్కకు మెసేజ్ పెట్టాను. ఒహాయోలో పిల్లల న్యూరాలజిస్టు. అంతకుముందు ఒక్కసారి కూడా మాట్లాడలేదు. జవాబు వస్తుందని అనుకోలేదు. ఆమె డ్యూటీ దిగి కార్లో ఇంటికి వెళ్తూ ఫోన్ చేసింది. నా స్కోర్లు అడగలేదు. "నువ్వు చూసిన పిల్లల్లో ఒక్కరి గురించి చెప్పు" అంది.

నేను ఆ బాబు గురించి చెప్పాను. 2021లో హనుమకొండలో ఒక పిల్లల ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా ఉన్నప్పుడు, ఏడు నెలల పిల్లవాణ్ణి భూపాలపల్లి వైపు నుంచి జలుబుకని తీసుకొచ్చారు. వెళ్లేముందు నానమ్మ అంది: "గట్ల ఉలికిపడుతుండు బిడ్డా, దిష్టి తగిలిందేమో." అంతకుముందు రెండు చోట్ల చూపిస్తే కడుపునొప్పి, గ్యాస్ అని చుక్కల మందు ఇచ్చారట. తల్లి ఫోను తీసి వీడియో చూపించింది. నిద్ర లేచిన పిల్లవాడు తల ముందుకు వంచి, రెండు చేతులూ ఒక్కసారి చాచి, వదిలేస్తున్నాడు. కొన్ని సెకన్లకు మళ్లీ అదే. మళ్లీ అదే. తర్వాత ఏడుపు. కడుపునొప్పి అలా లెక్కపెట్టినట్టు రాదు. మా పెద్ద డాక్టరుగారికి చూపించాను, మర్నాడే మెదడు అలలు చూసే ఈఈజీ తీయించాం. అలలన్నీ చిందరవందరగా, ఒక పద్ధతీ పాడూ లేకుండా. హిప్సారిథ్మియా అంటారు దాన్ని. జబ్బు పేరు వెస్ట్ సిండ్రోమ్, పసిపిల్లలకు వచ్చే ఒక రకం ఫిట్స్. పెద్ద మోతాదులో ప్రెడ్నిసొలోన్ మాత్రలు మొదలుపెట్టారు, రెండు వారాల్లో ఆ కుదుపులు ఆగాయి. ఈ జబ్బులో మందు ఎంత తొందరగా పడితే పిల్లవాడి ఎదుగుదలకు అంత మంచిది. ఆ తల్లి వీడియో తీయకపోయి ఉంటే ఆ రోజు నేను కూడా జలుబు మందు రాసి పంపేదాన్ని.

అక్క అంతా విని, "మరి ఇది నీ స్టేట్‌మెంట్‌లో ఎందుకు లేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి ఆగస్టు దాకా పదకొండు సార్లు రాశాను. ప్రతిసారీ ఆమె చదివింది. ఎక్కడ నా గొంతు పోయి పుస్తకం గొంతు వచ్చిందో అక్కడ గీత గీసి పంపేది. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు, నెలలో ఎన్నో రాత్రులు ఆన్‌కాల్. ఒక్క రూపాయి తీసుకోలేదు. 2003లో మా ఊళ్లో జరిగింది రాయాలా వద్దా అని అడిగితే "రెండు వాక్యాలు, అంతకు మించొద్దు" అంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా వాడకట్టులో నాతో ఆడుకునే పిల్లవాడికి పొద్దున జ్వరం వచ్చింది, సాయంత్రానికి ఫిట్స్, తెల్లారేసరికి లేడు. పేపర్లలో మెదడువాపు అని రాశారు. ఆ వేసవి, వానాకాలాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఆ జబ్బున పడితే 183 మంది చనిపోయారని, దానికి కారణం చాందీపురా వైరస్ అని మెడిసిన్‌లో చేరాక చదివాను. అంకెలు చదువుతుంటే నాకు ఒక్కడి ముఖమే గుర్తొచ్చింది. ఆ రెండు వాక్యాల గురించి నన్ను దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగారు.

ఇంకో మాట కూడా అక్కే చెప్పింది. వెస్ట్ సిండ్రోమ్‌కు ఆ పేరు విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లండు డాక్టరు మీద వచ్చింది. 1841లో ఆయన లాన్సెట్ వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. అందులో ఉన్నది సొంత కొడుకు గురించే. ఇలాంటిది నేను నా బిడ్డలోనే చూశాను, దీని గురించి తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే ఎంతో కృతజ్ఞుడినని అడిగాడు. నాకు ఇది తెలిసిన రోజు రాత్రి చాలాసేపు ఆ నానమ్మ, ఆ తల్లి కళ్ల ముందు మెదిలారు. డాక్టరైనా, భూపాలపల్లి అమ్మ అయినా ఆ సమయంలో అడిగేది ఒక్కటే.

తర్వాత హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రి న్యూరాలజీ సార్. నేను ఎవరినో ఆయనకు తెలియదు. శనివారాలు మీ ఓపీలో కూర్చోనిస్తారా అని అడిగితే "స్టూల్ ఉంటే కూర్చో" అన్నారు. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి ఐదు నెలలు వెళ్లాను. ఆయన నేర్పిన మొదటి పాఠం తలుపు బయట. పిల్లవాడు లోపలికి వచ్చేదాకా ఆగొద్దు, వరండాలో నేల మీంచి ఎలా లేస్తున్నాడో చూడు అనేవారు. ఒకరోజు ఆరేళ్ల పిల్లవాడు రెండు చేతులూ మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించుకుంటూ, తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేచాడు. గోవర్స్ సైన్ అంటారు, కండరాల బలహీనతకు గుర్తు. పుస్తకంలో బొమ్మ వంద సార్లు చూశాను, మనిషిలో అదే మొదటిసారి. తల్లిదండ్రులకు డుషెన్ అనే, కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు పేరు చెప్పడానికి సార్ నలభై నిమిషాలు తీసుకున్నారు, బయట అంత క్యూ ఉన్నా. ఆ నలభై నిమిషాలు చూడటానికైనా నేను ఎన్నిసార్లయినా ఆ రైలెక్కుతాను. దరఖాస్తుకు పెట్టిన నాలుగు సిఫారసు లేఖల్లో బలమైనది ఆయనదేనని ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. దరఖాస్తులో ఆ లేఖ చదివే హక్కు నేనే వదులుకున్నాను కాబట్టి అందులో ఏముందో నాకు తెలియదు. సార్, ఏం రాశారో కానీ, మీకు నమస్కారం.

ఒహాయోలోని కొలంబస్‌లో చిన్నమ్మ, బాబాయ్ నెల రోజులు నన్ను ఇంట్లో పెట్టుకున్నారు. నిజానికి దూరపు చుట్టరికం, పెళ్లిళ్లలో తప్ప కలిసింది లేదు. అక్కడి డాక్టర్ల పక్కనుండి చూసి నేర్చుకునే అబ్జర్వర్‌షిప్ కోసం వెళ్తే, బాబాయ్ రోజూ పొద్దున ఆరున్నరకు కారు మీద మంచు గీకి నన్ను ఆసుపత్రి దగ్గర దించి ఆఫీసుకు వెళ్లేవాడు. వాళ్ల అమ్మాయి తన మంచు బూట్లు నాకిచ్చి తను పాతవి వేసుకుంది. చిన్నమ్మా, నువ్వు కట్టిన పెరుగన్నం, చింతకాయ తొక్కు డబ్బా నా బ్యాగులో లేని రోజు లేదు.

ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్‌లోనే. చైల్డ్ న్యూరాలజీకి చాలా చోట్ల పీడియాట్రిక్స్ వాళ్లు వేరుగా, న్యూరాలజీ వాళ్లు వేరుగా మాట్లాడతారు, కాబట్టి ఒక్కోటి ఒక పూటంతా పడుతుంది. మనకు సాయంత్రం ఆరున్నరకు మొదలై కొన్నిసార్లు అర్ధరాత్రి దాటేది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. అది నాకు గుర్తుచేసి, ప్రతి ఇంటర్వ్యూ సమయాన్నీ మన టైములోకి మార్చి గోడ మీద అంటించింది తమ్ముడు. వాడు చదివేది బీకాం.

పక్కింటి పెద్దమ్మకు ప్రత్యేకంగా చెప్పాలి. మూడో ఇంటర్వ్యూకు అరగంట ముందు కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. వాళ్ల ఇంట్లో ముందు గది ఖాళీ చేసి, టీవీ ఆపేసి, మనవళ్లను డాబా మీదికి పంపి, నన్ను కూర్చోబెట్టింది. ఐదు గంటలు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ ప్రోగ్రాంలోనే నేను ఇప్పుడు చేరబోతున్నాను.

కాలేజీ అకడమిక్ సెక్షన్‌లో ఒక గుమాస్తా గారు ఉన్నారు. ట్రాన్స్‌క్రిప్టులు, విద్యార్థి గురించి కాలేజీ రాసిచ్చే డీన్ లెటర్ అప్‌లోడ్ చేయాల్సిన రోజు ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉంటే, సంతకం అయ్యేదాకా రాత్రి ఎనిమిది వరకు ఆఫీసు తెరిచే ఉంచారు. మా బ్యాచ్‌లో ఎంతమందికి ఇలా చేశారో లెక్క లేదు. ఎవరూ వెనక్కి వచ్చి చెప్పరు బిడ్డా అన్నారొకసారి. వచ్చే వారం స్వీట్లు తీసుకుని నేను వస్తున్నాను సార్.

ఫిబ్రవరిలో, ప్రోగ్రాంలను మన ఇష్టం వరుసలో రాసిచ్చే ర్యాంకు లిస్టు దగ్గర నా బుర్ర పూర్తిగా తిరిగింది. నన్ను తీసుకుంటారనిపించే ప్రోగ్రాం పైన పెట్టాలా, నాకు ఇష్టమైనది పెట్టాలా? ఎవరిని అడిగితే వాళ్లు ఒకటి చెప్పారు. అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈ మ్యాచ్ లెక్క అభ్యర్థి ఇష్టాన్ని ముందు చూసేలా కట్టింది, దాన్ని మెరుగుపరిచిన ఆల్విన్ రోత్‌కు 2012లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది, కాబట్టి భయపడకుండా నీ మనసులో ఉన్న వరుసే రాయి అంది. అలాగే రాశాను. ఈసారి దరఖాస్తు చేసేవాళ్లకు నా దగ్గర నుంచి వెళ్లాల్సిన మాట ఏదైనా ఉంటే అది ఇదే. ఎవరు ఏం భయపెట్టినా మీ ఇష్టం ప్రకారమే పెట్టండి.

ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలు చెబితే కోప్పడతారు. అయినా బాపు గురించి ఒక్కటి చెబుతాను. ఇక్కడే ఎండీ చేసి డీఎం చేయొచ్చు కదా అని చుట్టాలందరూ అడిగారు. అడగడంలో తప్పు లేదు, మన దగ్గర గొప్ప చోట్లున్నాయి, సీట్లే చాలా తక్కువ. నిరుడు మ్యాచ్ కాని రోజు కూడా బాపు ఆ మాట అనలేదు. "డ్యూటీ దిగినంక మళ్లీ బస్సెక్కుడే కద బిడ్డా" అని మాత్రం అన్నాడు. నాది జే-1 వీసా, శిక్షణకు వెళ్లేవాళ్లకు ఇచ్చేది. దానికి మన కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే ధ్రువపత్రం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం కూడా దానితో వస్తుంది. చాలామంది దాన్ని అడ్డంకిగా చూస్తారు. నాకు, మా అమ్మకు అది ఇష్టమైన నియమం.

చివరిగా ఆ బాబు వాళ్ల అమ్మ. స్టేట్‌మెంట్‌లో రాయొచ్చా అని అప్పుడే ఫోన్ చేసి అడిగాను. "రాయమ్మా, వేరే పిల్లలకు పనికొస్తది" అంది. మొన్న శనివారం మళ్లీ చేశాను. బాబుకు ఇప్పుడు నాలుగు దాటాయి. మాట కొంచెం ఆలస్యం, కానీ అంగన్‌వాడీకి నడిచి వెళ్తున్నాడు. ఫిట్స్ మళ్లీ రాలేదు. నాకు సీటు వచ్చిందని చెబితే ఆమె ఫోను వాడికి ఇచ్చింది. వాడు చాలాసేపు ఏమీ అనలేదు, ఊపిరి వినిపిస్తోంది. తర్వాత "అత్త" అన్నాడు.

వీసా పని మీద వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నాను సార్. ఓపీలో మీ పక్కన ఆ స్టూల్ ఉంచండి.