చీటీలో ఇంకో గడి పెట్టండి

ఎడిటర్ గారికి,

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. సీసం గనుల పక్క బడుల్లో రక్తహీనత క్యాంపు పెడితే పిల్లల వేళ్లకు సూది గుచ్చేది నేనే. పోయినసారి ఒక తల్లి నిలదీసింది. "కిందటేడు మీరిచ్చిన మాత్రలన్నీ మింగాడు మేడమ్. అయినా రక్తం పెరగలేదు, మట్టి తినడం మానలేదు. ఇంకేదైనా ఉందేమో చూడరా?" నా చీటీలో ఉన్నది హిమోగ్లోబిన్ గడి ఒక్కటే. అందులో 8.6 అని రాసి, మళ్లీ అవే మాత్రలు చేతిలో పెట్టి పంపాను.

ఒంట్లో ఐరన్ తగ్గిన పిల్లలు మట్టి తింటారని మాకందరికీ తెలుసు. సీసం గని దగ్గరి మట్టిలో సీసం ఉంటుందనీ తెలుసు. ఈ రెండూ కలిపి ఆలోచించం, అదే బాధ. మింగిన సీసంలో పెద్దవాళ్ల పేగు పదో వంతు పీల్చుకుంటే, పసివాళ్ల పేగు సగం దాకా పీల్చుకుంటుంది. ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువ. అలా చేరిన సీసం బాగా పెరిగితే హిమోగ్లోబిన్ తయారీకే అడ్డం పడుతుంది. అంత పెరగకముందే మెదడుకు దెబ్బ తగులుతుంది, పైకి మాత్రం ఏమీ కనపడదు. మాత్రలు వద్దనడం లేదు. ఐరన్ సరిపడా ఉంటే సీసం ఒంటికి పట్టడం తగ్గుతుంది కూడా. కానీ మట్టి సంగతి చూడకుండా మాత్రలే ఇస్తూ పోతే ఎలా?

గని మూసేస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. జాంబియాలోని కాబ్వే గని 1994లో మూతపడినా, ఆ చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం పోలేదు. నైజీరియాలోని జంఫారాలో ఇళ్ల దగ్గర బంగారు రాయి పొడి చేసినందుకు 2010లో వందల మంది పసివాళ్లు చనిపోయారు. ఆ రాతిలో సీసం ఉంది.

రక్తంలో సీసం పరీక్షకు మేం చేయాల్సింది పెద్దగా లేదు. ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి. స్పిరిట్ దూది చాలదు, వేలి మీది దుమ్ము చుక్కలో కలిస్తే లెక్క తప్పుతుంది. వేలి చుక్కలో ఎక్కువ వస్తే నరం నుంచి తీసి, లోహాల పరీక్షకు వాడే ట్యూబులో పంపాలి. (వెంట్రుకలు పంపండి చాలు, అన్నీ చెప్పేస్తాం అనేవాళ్లను నేను నమ్మను. వెంట్రుకకు బయటి దుమ్మూ పడుతుంది.) డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అది తండ్రి పని బట్టల దుమ్మే కావచ్చు.

వచ్చే క్యాంపు లిస్టులో ఆ పిల్లాడి పేరు ఉంది. చీటీలో సీసానికి ఒక గడి వేయించి, నా పెట్టెలో ఆ ట్యూబులు పెట్టి పంపమని పైవాళ్లకు మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్