నిరాశ్రయుల పాటల బృందం తరఫున కృతజ్ఞతలు

కడపలో తలదాచుకోవడానికి సొంత గూడు లేని పాతిక మందికి పైగా మనుషులు నిన్న సాయంత్రం ఒక్క బృందంగా నిలబడి, చీకటి పడి చాలాసేపయ్యేదాకా పాటలు పాడారు. ఆ కార్యక్రమానికి చేయి కలిపినవారందరికీ బృందం తరఫున, నిర్వాహకుడిగా నా తరఫున నమస్కారాలు. ఇంకా కాళ్ళు లాగుతున్నాయి, గొంతు పూడిపోయింది. అయినా రేపటికి వాయిదా వేస్తే కొందరు చేసిన మేలు మరిచిపోతానన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మా బృందం గురించి తెలియనివారికి కొంత చెప్పాలి. రైల్వే స్టేషన్ బయట, పెద్ద దర్గా పరిసరాల్లో, ఆసుపత్రి వరండాల్లో రాత్రిళ్ళు గడిపే వృద్ధులు, భర్త పోయాక అత్తింటివారు వెళ్ళగొట్టిన ఆడవాళ్ళు, కుష్ఠు పూర్తిగా నయమైనా ఊరు తిరిగి రానివ్వనివారు, మతిస్థిమితం తప్పి కోలుకున్నాక వెనక్కి వెళ్ళడానికి ఇల్లు మిగలనివారు ఇందులో ఉన్నారు. ఆదివారం సాయంత్రం కలుసుకుంటారు, పాడతారు, కలిసి భోంచేస్తారు. ఇటువంటి బృందాలు వేరే దేశాల్లో చాలాకాలంగా ఉన్నాయి. లండన్‌లో 2008లో మొదలైన ‘క్వైర్ విత్ నో నేమ్’ వారు సాధన ముగిశాక అందరితో కలిసి వేడి భోజనం చేస్తారని చదివిన తర్వాతే మేమూ అన్నం వండడం మొదలుపెట్టాము. పాట సంగతికి వస్తే, ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకునే పద్ధతిని పండరి భజనలూ చెక్కభజనలూ ఊరూరా వినిపించే ఈ సీమలో ఎవరికీ కొత్తగా నేర్పవలసిన పని లేదు. మావాళ్ళలో తత్త్వాలు పాడేవారు, చర్చి కీర్తనలు పాడేవారు, ఉర్దూలో నాత్‌లు, అంటే ప్రవక్తను స్తుతించే పాటలు, పాడే ఒక పెద్దావిడ ఉన్నారు. శ్రుతి కలవడానికి కొన్ని నెలలు పట్టింది గాని, ఎవరి పాట ముందు, ఎవరి పాట వెనుక అన్న తగాదా ఒక్కసారీ రాలేదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పవలసింది ఒక మైక్ సెట్ ఆయన గురించి. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు.

మాకు ఇస్తామన్న హాలు వారు, అడ్వాన్సు కూడా తీసుకున్నాక, పాడబోయేది ఎవరో తెలిసి, కార్యక్రమానికి ముందురోజు కుదరదన్నారు. కుర్చీలు పాడవుతాయని, తర్వాత పెళ్ళిళ్ళవాళ్ళు రారని కారణం చెప్పారు. నేను ఆఫీసు గదిలో బతిమాలుతుండగా, అక్కడే మరో పెళ్ళికి బాక్సులు దింపుతున్న ఈయన అంతా విన్నారట. నేను గేటు దాటేలోపు వెనకాలే వచ్చి, “సార్, మల్ల మీవాళ్ళు యాడ పాడతారు? మైకుండాదా మీకాడ?” అని అడిగారు. నిరాశ్రయుల వసతి గృహం ముందున్న ఖాళీ స్థలంలో మైకు లేకుండానే పాడిస్తామన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మరునాడు మధ్యాహ్నం ఎండ చల్లబడకముందే ఆటోలో బాక్సులు, ఆంప్లిఫయరు, మిక్సరు, మైకు స్టాండ్లు, చివరికి కరెంటు పోతే పనికొచ్చే చిన్న జనరేటరు కూడా తీసుకుని దిగారు. బాడుగ మాట ఎత్తితే కోప్పడ్డారు.

అంతవరకైతే దానిని పెద్దమనసు అని ఊరుకునేవాణ్ణి. మైకు సరిచూసేటప్పుడు ఆయన చేసిన పని మాత్రం నేను మరువలేను. మామూలుగా మైకు వాళ్ళు తామే హలో, హలో అని చూసుకుని వెళ్ళిపోతారు. ఈయన మావాళ్ళను ఒక్కొక్కరిని పిలిచి, మైకు వారి నోటి ఎత్తుకు దించి, నిలబడలేనివారికి కుర్చీ వేయించి, “మీ పేరు, మీ ఊరు చెప్పండి, గొంతు ఎట్లా వస్తాదో చూస్తా” అని అడిగారు. ఒకావిడ పెట్టెలోంచి వచ్చిన తన గొంతు తనకే వినిపించేసరికి నవ్వు ఆపుకోలేక మూడుసార్లు మొదటికి వచ్చింది, ఆయన మూడుసార్లూ ఓపిగ్గా “ఇంకోసారి చెప్పుమ్మా” అన్నారు. మేమందరం తాత అని మాత్రమే పిలిచే ముసలాయన, వచ్చిన నాటి నుంచి ఊరి పేరు ఎవరు అడిగినా పెదవి విప్పనివాడు, మైకు ముందు ఇంటిపేరుతో సహా తన పేరు, తండ్రి పేరు, జమ్మలమడుగు దగ్గర తన పల్లె పేరు స్పష్టంగా చెప్పాడు. ఇన్నాళ్ళు ఒక్క పంక్తిలో కూర్చుని తిన్న మనుషులు ఒకరి ఊరు ఒకరు అప్పుడే తెలుసుకున్నారు. ఆయన వాటన్నిటినీ రసీదు పుస్తకం వెనుక రాసుకుని, సాయంత్రం పాట పాటకూ ముందు, పెళ్ళిలో పెద్దల్ని పిలిచినట్టే, పేరుకు చివర గారు చేర్చి ఊరితో సహా చదివారు. నాకు మాట పెగలక పక్కకు వెళ్ళి నిలబడవలసి వచ్చింది.

పేరూ ఊరూ అంటే ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. ఇదే మనుషులు కౌంటర్ల దగ్గర పేరు చెప్పి, ఊరు చెప్పి, డోర్ నంబరు దగ్గర ఆగిపోతున్నారు. గుర్తింపు పొందిన వసతి గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్‌లో చిరునామా చేర్చవచ్చని నియమం ఉంది, ఆ కాగితం తీసుకుని వెళ్తే చదవకుండానే వెనక్కి తోసిన గుమాస్తాలను చూశాను. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయింది, ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇస్తారు, చాలా సంతోషం, కాని ఇల్లు లేనివాడి తలుపు ఎక్కడ తట్టాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు వంద మందికి సరిపడా వసతి గృహం ఒకటి ఉండాలన్నది కేంద్రం పెట్టుకున్న మార్గదర్శకమే. 2011 జనాభా లెక్కలకే కడప మూడు లక్షలు దాటింది, మిగతా లెక్క వేసుకోదలచినవారు వేసుకోవచ్చు. మరోవైపు 1977 నాటి యాచక నిరోధక చట్టం పేరు చెప్పి, ప్రముఖులెవరైనా ఊరికి వస్తున్నారంటే వీళ్ళను వ్యాన్లెక్కించడానికి మాత్రం ఏ కాగితమూ అడగరు. ఇది ఫిర్యాదు పత్రం కాదు కనుక ఇక్కడితో ఆపుతాను.

మా ఆవిడ, పిల్లలు, బావమరిది వంటా వడ్డనా చూసుకున్నారు, వారికి వేరే చెప్పేదేముంది. హార్మోనియం, తాళాలు ఇచ్చిన దేవుని కడప భజన మిత్రులకు ధన్యవాదాలు. వచ్చి కింద కూర్చుని విన్న ప్రేక్షకులందరికీ కూడా.

రాయడం ముగించాక గుర్తొచ్చినవారు: చివరి నిమిషంలో నాలుగు చీరలకు జాకెట్లు కుట్టి పైసా తీసుకోని మా వీధి టైలరమ్మ, కుర్చీలు పంపిన షామియానా దుకాణం వారు, తెల్లవారుజామున స్టేషన్ దాకా ముగ్గురిని ఉచితంగా దింపిన ఆటో అన్న. మంచినీళ్ళ క్యాన్లు పంపినవారెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాళీ క్యాన్లు వసతి గృహం మెట్ల కింద పెట్టించాను, దయచేసి ఎవరినైనా పంపి తీసుకెళ్ళగలరు.